కట్టేసిన ఎలుగుబంట్లే కథల్లోకి వచ్చాయి

లండన్‌లో సర్జన్ల కాలేజీకి అనుబంధంగా హంటేరియన్ మ్యూజియం అని ఒకటుంది. వాళ్ళ దగ్గర ఒక ఎలుగుబంటి పుర్రె ఉంది. 2015లో దాన్ని బయటికి తీసి జనం చూసేలా పెట్టారు. ఆ నోట్లో పళ్ళు సరిగ్గా లేవు. బతికుండగానే చిగుళ్ళ జబ్బు ముదిరి చాలావరకు పాడైపోయాయి. చచ్చిపోయిన కొత్తలోనే ఫ్రాంక్ కోల్యర్ అనే పేరున్న పళ్ళ డాక్టరు దాన్ని పరీక్షించాడు. ఆ ఎలుగుబంటి పేరు విన్నీ. మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే దాని బొమ్మ మీకు తెలుసు. పసుప్పచ్చ ఒళ్ళు, ఎర్ర చొక్కా, పక్కన తేనె కుండ. మా అక్క కూతురి స్కూలు బ్యాగు మీదా అదే, నీళ్ళ సీసా మీదా అదే.

‘విన్నీ ద పూ’ అనే పిల్లల పుస్తకం వెనక నిజమైన ఎలుగుబంటి ఒకటుందని తెలియగానే అందరూ మురిసిపోతారు. ‘అయ్యో, ఎంత ముద్దుగా ఉందో’ అంటూ సైనికుడూ ఎలుగు పిల్లా ఉన్న ఆ పాత ఫొటోని ఒకరికొకరు పంపుకుంటారు. కథ మంచిదే. దాన్ని ముద్దు కథగా చెప్పడంతోనే నాకు పేచీ. ఉదయగిరి కొండల కింద పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి ఆ పేచీ ఇంకాస్త ఎక్కువ.

ముందు కథ చెప్పుకుందాం. 1914 ఆగస్టు 24. మొదటి ప్రపంచ యుద్ధం మొదలై ఇంకా నెల కాలేదు. కెనడాలోని విన్నిపెగ్ నుంచి సైన్యం రైల్లో తూర్పుకు పోతోంది. అందులో హ్యారీ కోల్‌బర్న్ అనే పశువుల డాక్టరున్నాడు. వైట్ రివర్ అనే చిన్న స్టేషన్లో రైలాగింది. అక్కడ ఒక వేటగాడు ఆడ ఎలుగు పిల్లను తాడుతో కట్టేసి అమ్మకానికి పెట్టాడు. కోల్‌బర్న్ 20 డాలర్లు పెట్టి కొన్నాడు. అప్పటి లెక్కలో అది చిన్న మొత్తం కాదు. తన ఊరి పేరు మీద విన్నిపెగ్ అని పిలిచాడు, అది విన్నీ అయింది. ఆ పిల్లను ఓడలో ఇంగ్లండుకు తీసుకుపోయాడు. సాలిస్‌బరీ మైదానంలో సైనికుల గుడారాల మధ్య అది అందరికీ మాలిమి అయింది, రాత్రిళ్ళు ఆయన మంచం కింద పడుకునేది. ఫ్రాన్సుకు వెళ్ళాల్సి వచ్చినప్పుడు, 1914 డిసెంబర్ 9న, లండన్ జూలో వదిలిపెట్టాడు. యుద్ధం అయ్యాక ఇంటికి తీసుకుపోవాలనే అనుకున్నాడు. తీరా అయ్యాక, జనం దానికి ఎంత అలవాటు పడ్డారో చూసి జూకే ఇచ్చేశాడు. 1934 మే 12న అక్కడే చచ్చిపోయింది. అప్పటికి దాదాపు ఇరవై ఏళ్ళ ముసలిది.

ఆ జూకి వచ్చిన పిల్లల్లో ఒకడు క్రిస్టఫర్ రాబిన్, రచయిత ఎ.ఎ. మిల్న్ కొడుకు. వాణ్ణి ఎలుగు ఉండే ఆవరణలోకే తీసుకెళ్ళేవారు. విన్నీ మీద ఎక్కి తిరిగిన పిల్లలున్నారు, చేతుల్తో తినిపించిన పిల్లలున్నారు. తియ్యటి చిక్కటి డబ్బాపాలంటే దానికి ప్రాణం. క్రిస్టఫర్ తన టెడ్డీ బొమ్మకు దాని పేరే పెట్టుకున్నాడు. వెనకున్న ‘పూ’ మాత్రం అతను ఒక హంసను పిలుచుకున్న పేరు. పుస్తకం 1926లో వచ్చింది. తమాషా ఏమిటంటే బొమ్మలు గీసిన షెపర్డ్ ఆ ఎలుగుబంటినీ చూసి గీయలేదు, క్రిస్టఫర్ బొమ్మనీ చూసి గీయలేదు. తన కొడుకు దగ్గరున్న టెడ్డీని చూసి గీశాడు. ఆడ ఎలుగు కాస్తా పుస్తకంలోకి వచ్చేసరికి మగవాడైంది, నల్ల ఒళ్ళు తర్వాత్తర్వాత పసుపైంది. అంటే ఆ జంతువుది కథలో మిగిలింది పేరు, తీపి మీద యావ, ఎవరినీ ఏమీ అనని మెత్తదనం.

నా మాటంతా ఆ మెత్తదనం గురించే. అది ఎలుగుబంటి గుణం కాదు. ఆ పిల్ల తల్లిని వేటగాడు కాల్చి చంపాడు. ఈ సంగతి ప్రతి కథనంలోనూ ఉంటుంది, కానీ ఒక్క వాక్యంలో దాటేస్తారు. తల్లి ఉంటే ఆ పిల్ల ఇంకో ఏడాది దాని వెంటే తిరిగి ఏం తినాలో, ఎవరికి భయపడాలో నేర్చుకునేది. తల్లి లేదు, మనిషి చేతి పాలు తాగింది, మనిషి మంచం కింద పడుకుంది, తర్వాత జూ వాళ్ళు కొత్తగా కట్టించిన కాంక్రీటు కొండల మీద బతికింది. అలాంటిది మెత్తగా కాక ఇంకెలా ఉంటుంది? దాన్ని తీసుకెళ్ళి పుస్తకంలో పెట్టి, ఎలుగుబంటంటే ఇదీ అన్నారు. పళ్ళు పాడవడానికి ముసలితనం కూడా ఒక కారణమే, కాదనను. కానీ పిల్లలు వేళ్ళతో తినిపించిన ఆ తీపికి ఏ పాపమూ లేదంటే నేను నమ్మను.

కోల్‌బర్న్‌ను తప్పుపట్టడం లేదు. ఆయన కొనకపోతే ఆ పిల్ల గతి ఏమయ్యేదో ఊహించవచ్చు. మిల్న్‌ను తప్పుపట్టడం కూడా అన్యాయమే. పుస్తకం బాగుంటుంది, ముఖ్యంగా కుందేలు ఇంట్లో తేనె మెక్కి గుమ్మంలో ఇరుక్కుపోయిన ఘట్టం. దాన్ని మా మామకు చెప్పాను. అమ్మ తమ్ముడు, ఇప్పటికీ ఊళ్ళోనే ఉంటాడు. “ఎలుగొడ్డు బొక్కలో ఇరుక్కునేదేందిరా? బొక్కే పగిలిపొయ్యేది” అన్నాడు.

టెడ్డీ బొమ్మ పుట్టుక తీసుకోండి, ఇంకా ఘోరం. 1902 నవంబర్లో అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్ మిసిసిపీ రాష్ట్రంలో ఎలుగుల వేటకు వెళ్ళాడు. ఆయనకేమీ దొరకలేదని వేటకు దారి చూపే హోల్ట్ కోలియర్ ఒక ఎలుగును కుక్కలతో తరిమించి, కొట్టి, చెట్టుకు కట్టేసి ఆయన్ని పిలిపించాడు. కట్టేసినదాన్ని కాల్చడం వేట కాదని రూజ్వెల్ట్ తుపాకీ ఎత్తలేదు. బెరీమన్ అనే ఆయన వేసిన కార్టూన్‌తో ఆ సంగతి దేశమంతా తెలిసింది. బ్రూక్లిన్‌లో ఒక కొట్టాయన రూజ్వెల్ట్ ముద్దుపేరు టెడ్డీ మీద ‘టెడ్డీస్ బేర్’ అని బొమ్మ కుట్టి అమ్మాడు. మనకు తెలిసిన కథ ఇక్కడితో ఆగిపోతుంది. అసలు సంగతి ఏమిటంటే, బాధ తప్పించండని అదే రూజ్వెల్ట్ చెప్పాక ఆ ఎలుగును కత్తితో చంపేశారు. కార్టూన్లో మాత్రం అది గుండ్రటి కళ్ళ చిన్న పిల్లయిపోయింది. చంటిపిల్లల ఉయ్యాల్లో మనం పెట్టే బొమ్మ మూలపురుషుడి చరిత్ర ఇది.

లోకంలో అందరికంటే ప్రసిద్ధమైన రెండు బొమ్మ ఎలుగుల వెనకా ఉన్నది తాడు కట్టిన ఎలుగే. అడవిలో తన దారిన పోయే ఎలుగుబంటిని చూసి ముచ్చటపడి పిల్లల కథ రాసినవాళ్ళు తక్కువ. కారణం తేలికే. దగ్గరికి పోతే కదా చూడ్డానికి. దగ్గరికి పోనిచ్చేది కట్టేసినదే.

మన ఎలుగు సంగతికి వస్తాను. నెల్లూరు నుంచి పడమరగా వంద కిలోమీటర్లు అటూ ఇటూ పోతే ఉదయగిరి. దాని వెనక వెలిగొండలు. ఇటు రాపూరు దగ్గర పెంచలకోన, అటు ప్రకాశం వైపు గిద్దలూరు దాటితే నల్లమల. ఈ కొండల్లో ఉండేది కెనడా నల్ల ఎలుగు కాదు. మనది వేరే జాతి, జూలు జడలు కట్టినట్టు పొడుగ్గా వేలాడుతూ ఉంటుంది, మూతి తెల్లగా, రొమ్ము మీద తెల్లటి గీత. 1791లో జార్జ్ షా అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త దీని గోళ్ళు చూసి, చెట్లకు తలకిందులుగా వేలాడే దక్షిణ అమెరికా జంతువు తాలూకుదనుకుని ఆ గుంపులో చేర్చాడు. అంత చదువుకున్నవాడే పొరబడ్డాడంటే చూడండి.

దీని ప్రధానమైన తిండి చెదలు, చీమలు. పండ్ల కాలంలో నేరేడు, రేగు, ఈత పండ్లు. తేనె కూడా తింటుంది, అందుకోసం చెట్టు కూడా ఎక్కుతుంది. చిన్నప్పుడు స్కూల్లో చదువుకున్నామే, ఇద్దరు స్నేహితులు, ఎలుగుబంటి వస్తే ఒకడు చెట్టెక్కాడు, రెండోవాడు చచ్చినట్టు పడుకున్నాడు. ఆ చెట్టెక్కినవాడు మా కొండల్లో అయితే అంత ధీమాగా ఉండగలిగేవాడు కాదు.

ఒకసారి మామ తోట గట్టు మీద పగలగొట్టిన పుట్ట చూపించాడు. ఎండిన ఎర్రమట్టి పుట్ట, గడ్డపారతో పొడిచినా పెచ్చులే లేస్తాయి. దాని నడుమున గిన్నె పట్టేంత గుంట. గుంట అంచున గోళ్ళ చారలు, ఒకదాని పక్కన ఒకటి, వేలు పెడితే దిగేంత లోతుగా ఉన్నాయి. ఒకవైపు మాత్రం మెత్తటి దుమ్ము పరుచుకుని ఉంది, ఎవరో నోటితో ఊదినట్టు. నిజంగా ఊదిందే. మూతి గుంటలో పెట్టి ముందు మట్టిని ఊదేస్తుంది, తర్వాత ముక్కు రంధ్రాలు మూసుకుని, పెదాలు గొట్టంలా చాపి చెదల్ని లోపలికి పీలుస్తుంది. ఆ చప్పుడు చాలా దూరం వినపడుతుంది. రాత్రిళ్ళు పొలం కాపలా కాసేవాళ్ళకు తెలుసు ఆ చప్పుడు. దీనికి వీలుగా పైదవడ ముందరి పళ్ళు రెండు అసలు ఉండనే ఉండవు. మిగతా ఎలుగులకు 42 పళ్ళుంటే దీనికి 40.

మామ తల మీద వెంట్రుకలు మొలవని చార ఒకటుంది, నుదుటి నుంచి చెవి వెనక దాకా. తెల్లారకముందే నిమ్మతోటకు నీళ్ళు పెట్టడానికి పోతుంటే జరిగింది. “నేను దాన్ని చూళ్ళా, అది నన్ను చూళ్ళా. మూతి పుట్టలో ఉండాది గదా, దానికేం వినపడుద్ది? ఇద్దరం ఒకేసారి బెదిరినాం” అంటాడు. పగ, కోపం లాంటివేమీ లేవు ఆ మాటల్లో. ఎలుగు గురించి చదివినవాళ్ళు చెప్పేదీ ఇదే. దానికి చూపు తక్కువ, పనిలో పడితే చుట్టూ పట్టించుకోదు. పులి తిరిగే అడవుల్లో బతకడం నేర్చుకున్న జంతువు కాబట్టి, హఠాత్తుగా ఎవరైనా ఎదురైతే పారిపోవడం కంటే ముందు మీద పడటమే దానికి తెలిసిన రక్షణ. అందుకే దెబ్బలు ఎక్కువగా తలకీ ముఖానికీ తగులుతాయి. మామ మా పిల్లలకు చెప్పేది రెండే ముక్కలు. “చీకట్లో పోతే మాట్లాడతా పోండి. పిల్లల్తో ఉంటే మాత్రం అటు పోనేబాకండి.” పసుప్పచ్చ పుస్తకంలో ఇవి రెండూ లేవు.

‘పిల్లల కథ కదా, ఎందుకు పాడు చేస్తావు?’ అని మా అక్క అడిగింది. అక్కడితో ఆగకుండా, ‘ఆ బొమ్మల వల్లే పిల్లలకు జంతువుల మీద ప్రేమ పుడుతుంది, ఆ ప్రేమే రేపు అడవిని కాపాడుతుంది’ అని కూడా అంది. రెండో మాట చాలామంది అనేదే. నాకు మాత్రం లెక్క కుదరడం లేదు.

మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఊళ్ళోకి ఎలుగుబంటిని ఆడించేవాళ్ళు వచ్చేవారు. డమరుకం చప్పుడు వినగానే వీధిలోకి పరుగెత్తేవాళ్ళం. భయం పోవాలని చంటిపిల్లల్ని దాని వీపు మీద కూర్చోబెట్టేవారు. వెంట్రుకలు పీకి తాయెత్తులో పెట్టి అమ్మేవారు. నాకూ కట్టారు ఒకటి. దాని ముక్కు మీద నుంచి తాడు లోపలికి దూరి నోటి దగ్గర బయటికి వచ్చేది. తాడు లాగినప్పుడల్లా అది రెండు కాళ్ళ మీద లేచేది. మేం ఆట అనుకున్నాం. తల్లిని చంపి పిల్లను ఎత్తుకొచ్చి, కాల్చిన ఇనుముతో మూతికి బెజ్జం పెట్టి, కోరపళ్ళు విరగ్గొట్టి నేర్పిన ఆట అది. వీధిలో అందరికీ దాని మీద ప్రేమే ఉండేది. అరటిపళ్ళు పెట్టేవాళ్ళం, బెల్లం పెట్టేవాళ్ళం. ఆ ప్రేమ దానికి ఏం ఒరగబెట్టింది?

1972 వన్యప్రాణి చట్టం వచ్చినా ఆట ఆగలేదు. ఆపగలిగింది వేరే పని. వైల్డ్‌లైఫ్ ఎస్ఓఎస్ అనే జంతు సంరక్షణ సంస్థ వాళ్ళు ఎలుగుల్ని తీసుకోవడంతో పాటు, వాటి మీదే బతుకుతున్న కలందర్ కుటుంబాల చేతికి వేరే బతుకుదెరువు పెట్టారు, పిల్లల్ని బడికి పంపారు. ఆరు వందలకు పైగా ఎలుగులు అలా బయటపడ్డాయి. 2009 చివర్లో వీధుల్లో ఆడే ఆఖరి ఎలుగును కూడా బెంగళూరు దగ్గర బన్నేరుఘట్టకు చేర్చారు. కూడు దొరికితే గానీ తాడు వదలని మనుషుల సంగతి అర్థం చేసుకున్నారు కాబట్టి పని జరిగింది. ఎలుగు ముద్దొస్తోందని ఎవరూ తాడు విప్పలేదు.

ముద్దొస్తే ఏం చేస్తామో కూడా చూస్తున్నాం. దోర్నాల మీదుగా శ్రీశైలం పోయేవాళ్ళకు తెలుసు, శిఖరం దగ్గర ఎలుగుబంట్లు కొబ్బరిచిప్పల కోసం వస్తుంటాయి. టీవీలో వీడియో రాగానే కింద అంతా దండాలు, గుండె బొమ్మలు. ఛత్తీస్‌గఢ్‌లో బాగ్‌బహరా దగ్గర చండీమాత గుడికి ఎలుగులు వస్తే భక్తులు చేత్తోనే ప్రసాదం పెడతారు. విన్నీకి డబ్బాపాలు తినిపించిన చేతులకూ ఈ చేతులకూ తేడా నాకు కనపడటం లేదు. ఎలుగుకు మనిషి మీద ఉండాల్సిన బెదురు పోతుంది, మనిషికి ఎలుగు మీద ఉండాల్సిన బెదురు పోతుంది. ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరి తల పగులుతుంది, ఆ తర్వాత దాని ప్రాణం పోతుంది. 2022లో శ్రీకాకుళం ఉద్దానంలో జీడితోటల మధ్య జరిగింది గుర్తుందా? మనిషి చనిపోయాడు, మరికొందరు గాయపడ్డారు, మత్తు ఇచ్చి పట్టుకున్నాక ఆ ఎలుగూ చనిపోయింది. అక్కడ ఎవరూ దానికి తినిపించలేదు, అడవి తరిగి తోటలు పెరిగిన చోటు అది. అయినా ఊరి దగ్గరికి వచ్చిన ఎలుగు కథ ఎలా ముగుస్తుందో చెప్పడానికి అది చాలు.

మనకు కథల్లో ఎలుగు లేక కాదు, ప్రతి ఏడూ వినాయక చవితికి చెప్పుకుంటూనే ఉన్నాం. జాంబవంతుడు సింహాన్ని చంపి శమంతకమణిని గుహకు తెచ్చి ఉయ్యాలకు కడతాడు. సాక్షాత్తూ కృష్ణుడే గుహలోకి వస్తే వెనక్కి తగ్గకుండా 28 రోజులు కుస్తీ పడతాడు. తనకంటూ ఒక గుహ, ఒక ఇల్లు, ఒక బిడ్డ ఉన్న ఎలుగు. దేవుడైనా సరే చెప్పాపెట్టకుండా ఇంట్లోకి వస్తే ఊరుకోడు. కొండ కింద ఊళ్ళో పిల్లలకు తెలియాల్సిన సంగతులు ఆ కథలో కావలసినన్ని ఉన్నాయి. మనమేమో అక్షింతలు వేసుకుని చంద్రుణ్ణి చూసినా నీలాపనింద రాదనే దగ్గరే ఆగిపోతాం.

అక్కతో నేనన్నదీ అదే. పసుపు ఎలుగును బ్యాగు మీద నుంచి చెరిపెయ్యమని నేను అడగడం లేదు. పిల్ల ఏడుస్తుంది, నాకెందుకు? దాని పక్కన ఇంకో పుస్తకం ఉండాలంటున్నాను. నల్లటిది, జూలుది, ముక్కుకు తాడు లేనిది. చలికాలంలో గుహలో ఈని, పిల్లలు కాస్త ఎదగ్గానే రెంటినీ వీపు మీద ఎక్కించుకుని తిరుగుతుంది తల్లి. ఎలుగు జాతులన్నిటిలో పిల్లల్ని అలా మోసేది మనదొక్కటే. తల్లి పుట్ట తవ్వుతుంటే పిల్లలు పైన జూలు పట్టుకుని వేలాడుతుంటాయి. ఇంతకంటే బొమ్మలకు పనికొచ్చే సంగతి ఇంకేం కావాలి? నేనే రాద్దామని మొదలుపెట్టాను. ఒక రాత్రి, వెలిగొండల మీద నుంచి తోటల దాకా వచ్చి తెల్లారేలోపు వెనక్కి పోయే తల్లి, దాన్ని ఒక్కసారి కూడా చూడకుండా చప్పుడు మాత్రమే వినే కాపలా తాత. వాళ్ళిద్దరూ ఎదురుపడరు, కథలో అదే మెలిక. అక్క కూతురికి చదివి వినిపిస్తే, “ఎదురుపడకపోతే కథేముంది మామా?” అంది. ఆ భాగం ఇంకా తేలలేదు.

బొమ్మలు వేసేవాళ్ళు నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల ఎవరైనా ఉంటే చెప్పండి. డబ్బులిస్తాను, మరీ ఎక్కువ ఇచ్చుకోలేను. వేసేముందు ఉదయగిరి రండి, పుట్టలు నేను చూపిస్తాను, పగటి పూటే.